పచ్చికకు పట్టిన పాకుడు

హస్త కార్తె వెళ్లి చిత్త ప్రవేశించే రోజుల్లో గోదావరి జిల్లాల్లో కొత్త ఇళ్ల ముందున్న లాన్లు చూడాలి. రోడ్డు మీద నుంచి పచ్చగా, నిండుగా, ఏ లోటూ లేనట్టే కనిపిస్తాయి. గేటు తీసుకుని వెళ్లి, చెప్పులు విడిచి అడుగు పెడితే అసలు సంగతి కాలికి తెలుస్తుంది. గడ్డి పరకలు గుచ్చుకోవు. చల్లగా, మెత్తగా, జారుడుగా ఉంటుంది. వంగి వేలితో గీరితే ముఖమల్ గుడ్డలా పొర ఊడి వస్తుంది. దాని కింద నల్లటి బంకమట్టి, ఆ మట్టిలో అక్కడక్కడా పాలిపోయిన గడ్డి వేళ్లు. తొలకరిలో వేలకు వేలు పోసి పరిపించుకున్న పచ్చిక దీపావళి నాటికి నాచు పాలైపోయి ఉంటుంది.

రాజమహేంద్రవరం అపార్ట్‌మెంట్లలో, భీమవరం చెరువుల ఆసాముల గెస్ట్‌హౌస్‌లలో, అమలాపురం వైపు ఫంక్షన్ హాళ్లలో, దిండి రిసార్టుల్లో ఎక్కడ తోటమాలిని కదిపినా ఈ బాధే వినిపిస్తుంది. యజమానులు చేసే పనీ దాదాపు అన్నిచోట్లా ఒకటే. ముందు బ్లీచింగ్ పౌడర్ చల్లిస్తారు. నాచుతో పాటు గడ్డీ మాడుతుంది. ఆ తర్వాత మాడిన చోటంతా తవ్వించి కొత్త పచ్చిక తెప్పిస్తారు. మరుసటేడు ఆ కొత్త పచ్చికకూ పాకుడు పడుతుంది. ఇలా రెండు మూడేళ్లు డబ్బు పోశాక విసిగిపోయి సిమెంటు టైల్స్ పరిచేస్తారు. టైల్స్ పరిచిన ప్రతి గజం వాన నీటిని తాగడం మానేసి పక్కింటి మీదికి తోస్తుంది. ఒకరి లాన్ సమస్య అలా వీధి సమస్య అవుతుంది.

నాచు గడ్డిని చంపదు. గడ్డి చచ్చిన చోట, బతకలేక పలచబడ్డ చోట వచ్చి కూర్చుంటుంది. ఈ ఒక్క విషయం మనసుకు పడితే పచ్చికను మళ్లీ నిలబెట్టే పని సగం తేలికవుతుంది. గడ్డి అక్కడ ఎందుకు బతకలేకపోయిందన్నది మొదట తేల్చుకోవాలి. ఆ ప్రశ్నకు డెల్టాలో జవాబు చాలాసార్లు నీటి దగ్గరే దొరుకుతుంది.

వాకిలి నుంచి లాన్ దాకా

మన పాత ఇళ్లకు లాన్ లేదు. ముందు వాకిలి, వెనక పెరడు. వాకిలి తెల్లారగట్ల ఊడ్చి, పేడ నీళ్లతో కల్లాపి చల్లి, ముగ్గు వేసే చోటు. ఎండ బాగా తగిలేది, రోజూ చీపురు తిరిగేది, వాన నీరు వీధి కాలవలోకి జారిపోయేది. అందుకే వాకిట్లో నాచుకు చోటుండేది కాదు. పాకుడు పట్టేదల్లా నూతి పళ్లెం దగ్గర, కొబ్బరి చెట్ల కింద పెరటి గోడల మీద, గోదావరి రేవు మెట్ల మీద.

పచ్చికను కత్తిరించి తివాచీలా ఉంచడం ఇంగ్లిషువాళ్ల నుంచి వచ్చిన అలవాటు. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గ్లాస్టర్‌షైర్‌లో గడ్డి కోసే యంత్రం తయారు చేశాకే అక్కడ కూడా సామాన్యులకు లాన్ అందింది. మన దగ్గర చాలాకాలం దొరల బంగళాలకు, కలెక్టరు కచేరీలకు, ఇరిగేషన్ వాళ్ల అతిథి గృహాలకు పరిమితమై, గత ముప్పై ఏళ్లలో ఇళ్లకు పాకింది. అలా పాకడానికి మనకు దగ్గర్లోనే కడియం ఉండటం పెద్ద కారణం. కడియపులంక, కడియపుసావరం, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక, జేగురుపాడు ఊళ్ల చుట్టూ వందల నర్సరీలు. మామిడి అంట్లు, పూల మొక్కలతో పాటు చదరపు అడుగుల లెక్కన పచ్చిక కూడా లారీలకెక్కి దేశమంతా వెళుతుంది. కోసి పేర్చిన గడ్డి ముక్కలు తెచ్చి పరిస్తే సాయంత్రానికి ఇంటి ముందు పచ్చదనం సిద్ధం. ఆ సౌకర్యంలోనే ఒక చిక్కుంది. పైన పరిచే గడ్డిని ఎంతో శ్రద్ధగా ఎంచుకుంటాం కానీ, అడుగున ఉన్న నేలను ఎవరూ పట్టించుకోరు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, లారీలు తిరిగి బిగుసుకుపోయిన మట్టి, అన్నీ అక్కడే ఉంటాయి. వాటి మీద నాలుగు అంగుళాల మట్టి పోసి గడ్డి పరిచేస్తారు.

మూడు రకాల పచ్చదనం

నాచు పట్టిందంటే ఏది పట్టిందో ముందు చూసుకోవాలి. తడి నేల మీద కనిపించేవి మూడు. ఒకటి, వాన వెలిశాక నేల మీద తేలే ముదురు పచ్చ జిగురు పొర. ఎండితే నల్లటి పెంకులుగా విడిపోతుంది. మళ్లీ తడిస్తే జెల్లీలా ఉబ్బుతుంది. ఇది నాస్టాక్ జాతి, నీలి ఆకుపచ్చ నాచు కుటుంబానిది. వరి రైతుకు ఇదే కుటుంబం నేస్తం. గాలిలోని నత్రజనిని పట్టి పొలానికి ఇస్తుందని 1939లో పి.కె. డే వరి మళ్లలో చేసిన పరిశోధన రుజువు చేసింది. మన వ్యవసాయ శాఖ కూడా నీలి ఆకుపచ్చ నాచును ఎకరాకు 4 కిలోల చొప్పున వరి చేలో వేయమంటుంది. నీరు నిలిచిన చేలో మేలు చేసేదే లాన్‌లో కనిపించిందంటే, ఆ లాన్‌లో వరి మడిలో ఉన్నంత నీరు ఉందని అర్థం.

రెండోది అసలైన మాస్. దగ్గరగా చూస్తే చిట్టి చిట్టి కాండాలు, వాటి చుట్టూ సూదుల్లాంటి ఆకులు, కొన్ని రోజుల్లో సన్నటి కాడల చివర బుల్లి కాయలు. ఆ కాయల్లోనే సిద్ధబీజాలుంటాయి. మూడోది లివర్‌వర్ట్, చదునుగా నేలకు అంటుకున్న పచ్చటి రేకు. నిత్యం తడి, పూర్తి నీడ ఉన్నచోటే వస్తుంది. జిగురు పొర కనబడితే నీరు నిలుస్తోందని, మాస్ కనబడితే నీడా తడీ కలిశాయని, లివర్‌వర్ట్ కనబడితే ఆ మూలకు ఎండ పొడే సోకడం లేదని లెక్క. వీటి సరసనే తుంగ కూడా గుంపులుగా లేస్తుంటే ఇక సందేహమే అక్కర్లేదు. అడుగున నీరు ఊరుతోంది.

మాస్‌కు నిజమైన వేళ్లుండవు. నేలను పట్టుకోవడానికి వెంట్రుకల్లాంటి తంతువులుంటాయి, అంతే. నీటిని ఒళ్లంతటితో పీలుస్తుంది. పురుష కణం స్త్రీ కణాన్ని చేరాలంటే పలచటి నీటి పొర మీద ఈదుకుంటూ పోవాలి, అందుకే తడి లేనిదే సంతానం లేదు. కానీ తడి లేకపోతే చావదు కూడా. వేసవిలో ఎండి గోధుమ రంగుకు తిరిగి, పీడ విరగడైందని మనం అనుకునేలా పడి ఉంటుంది. ఆరుద్ర వానలకు గంటల్లో మళ్లీ పచ్చబడుతుంది. మార్చిలో నాచు కనబడటం లేదని సంతోషించి చేతులు ముడుచుకు కూర్చుంటే జులైలో తప్పదు.

నాచు జాతి మొక్కలు నేల మీదికి వచ్చి 45 కోట్ల ఏళ్లు దాటింది. గడ్డి వాటి ముందు చాలా చిన్నది. అయినా గడ్డి చరిత్రకు మన గోదావరి పరీవాహకంలోనే గొప్ప సాక్ష్యం ఉంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా పిస్‌దురా దగ్గర దొరికిన డైనోసార్ల పేడ శిలాజాల్లో గడ్డి కణాల్లోని సిలికా రేణువులు ఉన్నాయని లక్నోలోని బీర్బల్ సాహ్ని పురావృక్ష శాస్త్ర సంస్థకు చెందిన వందనా ప్రసాద్ బృందం 2005లో వెల్లడించింది. వార్ధా, ప్రాణహితల మీదుగా గోదావరిలో కలిసే నీరు పారే నేల అది. అక్కడ ఆరున్నర కోట్ల ఏళ్ల నాడే గడ్డి మొలిచి, డైనోసార్ల మేతలో భాగమైంది. ఎండా, గాలి ఆడే నేలా దొరికితే గడ్డికి ఎదురు లేదు. మన వాకిళ్లలో, గట్ల మీద, వినాయక చవితి పత్రిలో ఉండే గరికే ఇందుకు రుజువు. లాన్లకు అమ్మే బెర్ముడా కూడా గరిక జాతే.

నీరు వచ్చే దారి, పోయే దారి

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో ఆర్థర్ కాటన్ డెల్టాకు నీటిని తెచ్చిపెట్టాడు. ఆ మహానుభావుడి విగ్రహానికి ఇప్పటికీ రైతులు దండలు వేస్తారు. నీరు లోపలికి రావడం మీద ఉన్న శ్రద్ధ బయటికి పోవడం మీద మనకు ఎప్పుడూ తక్కువే. సముద్ర మట్టానికి కొద్ది అడుగుల ఎత్తున, బల్లపరుపుగా ఉన్న నేల ఇది. మురుగు కాలవలు పూడితే నీటికి కదలిక ఉండదు. ఈ బాధ ముదిరాకే 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల్లో మురుగు నీటి పారుదల పనుల కోసం ప్రత్యేకంగా డ్రెయినేజీ సెస్సు చట్టం తెచ్చారు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు పూడిపోయిన డ్రెయిన్ల గోడు కూడా ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ ముందుకు వచ్చింది.

ఎకరాల్లో జరిగిందే గజాల్లోనూ జరుగుతోంది. వీధిలో సిమెంటు రోడ్డు పాడైన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తున్నారు. రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్లు పల్లంలో పడుతున్నాయి. ఒకప్పుడు వాకిట్లోంచి వీధికి జారిన నీరు ఇప్పుడు వీధిలోంచి వాకిట్లోకి జారుతోంది. ఏటా 1,100 మిల్లీమీటర్లకు పైబడే వాన, అదీ ఎక్కువగా జూన్ నుంచి నవంబరు లోపు పడేది, ఈ పల్లపు గజాల్లో ఎటూ పోలేక నిలుస్తుంది. చుట్టూ ప్రహరీ గోడ, గోడ పక్కన టైల్స్ దారి, ఆ దారి లాన్ కంటే రెండంగుళాలు ఎత్తు. ఇలాంటి తొట్టిలో ఏ గడ్డి బతుకుతుంది? నాచుకు మందు అడిగే ముందు ఇంటి చుట్టూ తిరిగి, వాన నీరు ఎటు పోవాలో, ఎక్కడ ఆగుతోందో ఒక్కసారి చూడండి. వాన పడుతుండగానే, గొడుగు వేసుకుని చూడాలి. వెలిశాక చూస్తే సగమే తెలుస్తుంది.

లంక ఊళ్లలో ఇంకో ఇబ్బంది కలుస్తుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద లాంటిది లోతట్టు ఇళ్లలోకి చొరబడి వెళ్లాక గడ్డి మీద సన్నటి ఒండ్రు మేట వేస్తుంది. పొలానికి ఒండ్రు వరమే. లాన్ మీద మాత్రం అది ఎండి అట్టకట్టి గడ్డి మొదళ్లకు ఊపిరాడకుండా చేస్తుంది. తడి ఆరకముందే నీటితో కడిగేయాలి, లేదా ఎండాక చీపురుతో రేపి ఎత్తేయాలి.

పని మొదలుపెట్టడం ఎప్పుడు

చాలామంది వానాకాలంలో నాచు కనబడగానే హడావుడి పడతారు. అప్పుడు ఏం చేసినా నిలవదు. మన లాన్ గడ్డి అంతా వేడి కోరే జాతులు. పౌష్యం చలి తగ్గి ఎండ చురుక్కుమనే మాఘ, ఫాల్గుణాల్లో వాటికి ఊపు వస్తుంది, నాచుకు బలం తగ్గుతుంది. జనవరి చివర మొదలుపెట్టి మార్చి నాటికి ముగించడం డెల్టాకు సరైన లెక్క. వేసవంతా గడ్డి పాకి కమ్ముకోవడానికి సమయం దొరుకుతుంది. మృగశిర వచ్చేసరికి నాచుకు ఖాళీ ఉండదు.

మొదట అన్నభేది. వరి నారుమడి ఇనుప ధాతువు లోపించి తెల్లబడితే లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కొట్టడం మన రైతులకు తెలిసిందే. ఆ అన్నభేదే మాస్‌ను చంపుతుంది, గడ్డికి పచ్చదనం ఇస్తుంది. చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాములు, లీటరు నీటిలో కరిగించి పొద్దుటి పూట సమంగా చల్లాలి. రెండు మూడు రోజుల్లో మాస్ నల్లబడుతుంది. టైల్స్ మీద, గ్రానైట్ మీద ఒక్క చుక్క పడినా తుప్పు మరక పోదు, ముందే తడిపి కడిగేస్తుండాలి. నల్లబడిన మాస్‌ను ఇనుప పళ్ల దంతెతో గీరి ఎత్తి పారేయాలి. ఆ రోజు లాన్ చూడటానికి భయం వేస్తుంది, అక్కడక్కడా బోడిగా మట్టి బయటపడుతుంది. కంగారు పడనక్కర్లేదు. ఇక్కడితో పని అయిపోయిందనుకుని వదిలేయడమే అసలు ప్రమాదం.

తర్వాత నేలను తెరవాలి. ముందు రోజు తడిపి, మట్టి బురదగా కాక పదునుగా ఉన్నప్పుడు గునపంతో అర అడుగుకు ఒకటి చొప్పున నాలుగు అంగుళాల లోతు పోట్లు వేయాలి. పంటి పార ఉంటే ఇంకా తేలిక. ఆ బొక్కల్లో గోదావరి ముతక ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, మిగిలింది పైన పావు అంగుళం మించకుండా చీపురుతో సర్దాలి. నల్ల బంకమట్టిలో ఇసుకను కొద్దికొద్దిగా కలిపి తొక్కితే మట్టి మరింత గట్టిపడుతుంది. అందుకే మట్టినంతా కలపకుండా బొక్కల్లోనే నింపమనడం. ఫంక్షన్ హాళ్లలో షామియానా గుంజలు, కుర్చీలు, వందల పాదాలు కలిసి నేలను రోడ్డులా తొక్కేస్తాయి. అక్కడ ఈ పని ఏటా రెండుసార్లు, పెళ్లిళ్ల సీజన్ ముగిసిన ప్రతిసారీ, తప్పనిసరి.

నీటి వాలు సరిచేయడం ఖర్చు పని, కష్టం పని. అయినా అన్నిటికన్నా ఎక్కువ ఫలం ఇచ్చేది అదే. ఇంటి గోడ నుంచి బయటికి పది అడుగులకు ఒకటిన్నర, రెండు అంగుళాల వాలు ఉండాలి. వాలు చివర కంకర నింపిన సన్నటి కాలవ, దాని నుంచి ఇంకుడు గుంతకో వీధి డ్రెయిన్‌కో దారి ఉండాలి. టైల్స్ దారి ఎత్తుగా ఉండి అడ్డుపడితే నాలుగైదు చోట్ల రాళ్లు తీసి నీరు పోయే సందులు ఇవ్వాలి. పచ్చికకు వేలు పోసేవారు ఈ కాలవకు మేస్త్రీని పిలవడానికి ఎందుకు వెనకాడతారో నాకు అర్థం కాదు.

ఖాళీ పడ్డ చోట పక్కనుంచే గడ్డి పిలకలు తీసి మూడేసి అంగుళాలకు నాటుకోవచ్చు. పిలకలు నిలదొక్కుకున్నాక యూరియా 100 చదరపు అడుగులకు 100 గ్రాములు చల్లి వెంటనే తడపాలి. ఎక్కువ వేస్తే గడ్డి గుబురుగా పెరిగి అడుగున ఎండుగడ్డి దొంతర కడుతుంది, దాని కింద మళ్లీ తడి. కోత కూడా అంతే. ఒక్కసారే నేలకు అంటేట్టు గొరగకుండా, ఉన్న ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. రోజూ సాయంత్రం పైపుతో పైపైన తడపడం మాని, వేసవిలో వారానికి రెండుసార్లు తెల్లవారుజామున లోతుగా తడపాలి. రాత్రంతా తడిగా ఉండే లాన్‌ను నాచు ఎన్నటికీ వదలదు.

అక్కరకు రాని మందులు

నాచుకు సున్నం చల్లమనే సలహా చల్లటి దేశాల నుంచి వచ్చింది. అక్కడ పుల్లటి నేలలు ఎక్కువ, సున్నం వాటిని సరిచేస్తుంది. మన డెల్టా నల్లమట్టి చాలా చోట్ల తటస్థంగానో, కొంచెం క్షారంగానో ఉంటుంది. దాని మీద సున్నం పోస్తే ఉన్న ఇనుము కూడా గడ్డికి అందకుండా పోతుంది. భూసార పరీక్ష చేయించి, నేల పులుపని తేలితేనే సున్నం మాట. మైలుతుత్తం ఇంకా చెడ్డది. నాచు చస్తుంది నిజమే, కానీ రాగి మట్టిలో పేరుకుని వానపాముల్ని చంపుతుంది, వానకు కొట్టుకుపోయి డ్రెయిన్లలో చేపలకు విషమవుతుంది. ఊరంతా చేపల చెరువులున్న చోట ఆ పని చేయకూడదు. బ్లీచింగ్ పౌడర్‌ను మెట్లకు, గచ్చుకు వదిలేయండి.

కొబ్బరి, మామిడి, సపోటా నీడలో మాత్రం గడ్డితో పంతం పట్టడం నాకు ఇష్టం లేదు. బెర్ముడాకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. కింది కొమ్మలు తీస్తే కొంత దొరుకుతుంది. చాలకపోతే నీడ ఓర్చే వెడల్పాకు బఫెలో గడ్డి వేసి చూడాలి. అదీ నిలవకపోతే చెట్టు నరకవద్దు. ఆ మూల నాచుకే వదిలి, నడిచే చోట రెండు రాళ్లు వేసుకోవచ్చు. జపాన్‌లోని క్యోటోలో సైహోజీ ఆలయ తోట 120 రకాల నాచుతో ప్రపంచ ప్రసిద్ధి. సంరక్షణకు డబ్బు లేక తోట పాడుపడ్డ కాలంలో తానుగా పట్టిన నాచు అది. 1994లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కడియంలో గూటీ అంట్లు కట్టేవారు కొమ్మ చుట్టూ కట్టే తడి నాచు కూడా ఈ జాతిదే. స్పాగ్నమ్ అనే ఆ నాచు తన బరువుకు ఇరవై రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది, అందుకే తల్లికొమ్మ మీదే కొత్త వేళ్లు పుడతాయి.

కొత్తగా గడ్డి కొనాల్సి వస్తే తొందరపడకండి. ముందు లాన్ మధ్యలో అడుగు లోతు గుంత తవ్వి నీటితో నింపండి. ఇంకాక మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో కొలవండి. అంగుళం దిగితే ఆ నేల గడ్డికి పనికొస్తుంది. తెల్లవారేసరికి కూడా నీరు అలాగే ఉంటే గడ్డి డబ్బు అటు పెట్టి కాలవ తవ్వించండి. కడియం వెళ్లినప్పుడు పచ్చిక ముక్కను తిప్పి అడుగు చూడండి. వేళ్లు తెల్లగా ఒత్తుగా ఉండాలి, మట్టి పొర పలచగా ఉండాలి, తుంగ గడ్డలు ఒక్కటీ ఉండకూడదు. ముక్క అంచుల్లో పచ్చటి జిగురు కనబడితే ఆ దొంతర వదిలి పక్క దొంతర అడగండి. మీ ఇంటి మట్టి ఏ రకమో, ఎండ ఎన్ని గంటలో వాళ్లకు చెప్పండి. దానికి తగిన గడ్డి ఏదో తరాలుగా మొక్కలతో బతుకుతున్న ఆ ఊళ్ల వాళ్లకు బాగా తెలుసు. అడిగేవాళ్లే తక్కువ.